నీళ్ల సీసా మోసేవాడి కర్మయోగం



ఈ వారం వీడియోలో నిష్కామకర్మ గురించి మాట్లాడుకున్నాం. ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా మన పని మనం చెయ్యడం. వినడానికి చాలా బాగుంటుంది. కానీ ఆ వీడియో స్క్రిప్ట్ రాస్తున్నప్పుడే నాకు ఒక డౌట్ పట్టుకుంది. వీడియోలో దానికి టైమ్ సరిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

డౌట్ ఇది. నేను కష్టపడితే ఫలితం వేరేవాళ్లకి పోతోంది అనుకోండి. అప్పుడు నా దగ్గరికొచ్చి "ఫలితం ఆశించకు నాయనా" అని చెప్పే హక్కు ఎవరికి ఉంది? ఆ ఫలితం తీసుకుంటున్నవాడికే ఉందా?

నిజం చెప్పాలంటే ఈ డౌట్ నాకు గుడిలో రాలేదు, గీత చదువుతుంటే కూడా రాలేదు. సైకిల్ రేసు చూస్తుంటే వచ్చింది.

కొండల్లో మూడు వారాలు

మాది కరీంనగర్. మా దగ్గర సైకిల్ అంటే స్కూల్‌కి పోయే బండి, పాలు పోసేవాళ్ల బండి. సైకిల్ రేసుని టీవీలో చూస్తారని నాకు ఇంజనీరింగ్ అయ్యేదాకా తెలీదు. లాక్‌డౌన్ టైమ్‌లో ఒక కొలీగ్ టూర్ డి ఫ్రాన్స్ లింక్ పంపాడు. అప్పటి నుంచి అలవాటైపోయింది. అక్కడ మధ్యాహ్నం మొదలైన స్టేజ్ మనకి రాత్రి తొమ్మిది ప్రాంతంలో అయిపోతుంది. ఆఫీసు పని చేసుకుంటూ పక్కన పెట్టుకోవడానికి బాగా కుదురుతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టూర్ డి ఫ్రాన్స్ 1903లో మొదలైంది. ఇప్పుడు 21 స్టేజీలు, మూడు వారాలు, సుమారు 3,400 కిలోమీటర్లు. ఆల్ప్స్, పిరనీస్ కొండల మీదుగా పోతారు. అన్ని రోజుల టైమ్ కలిపితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లే విజేత, వాళ్లకి పసుపు జెర్సీ. ఇటలీలో జిరో, స్పెయిన్‌లో వుయెల్టా కూడా ఇలాంటివే.

ఇక్కడే ఒక తమాషా ఉంది. గెలిచేది ఒక్కడు, ఆడేది టీమ్. ఒక్కో టీమ్‌లో ఎనిమిది మంది ఉంటే అందులో ఏడుగురు గెలవడానికి రారు, గెలిపించడానికి వస్తారు. సైకిల్‌కి అసలు శత్రువు గాలి. ముందు తొక్కేవాడు గాలిని చీలుస్తుంటే వెనక ఉన్నవాడికి సుమారు మూడో వంతు శ్రమ మిగులుతుంది. అందుకే ఏడుగురూ వంతులవారీగా ముందుండి తొక్కుతారు. టీమ్ కారు దగ్గరికి వెనక్కి పోయి, జెర్సీ లోపల ఏడెనిమిది నీళ్ల సీసాలు దోపుకుని, మళ్లీ ముందుకు తొక్కి అందరికీ పంచుతారు. లీడర్ సైకిల్ పాడైతే తమది ఇచ్చేస్తారు. పెద్ద కొండ మొదలయ్యేదాకా లాగి లాగి, కాళ్లు అయిపోగానే పక్కకి తప్పుకుంటారు. కెమెరా లీడర్‌తో వెళ్లిపోతుంది. వీళ్లు మాత్రం టైమ్ లిమిట్ దాటకుండా ఆ కొండ ఎక్కాల్సిందే. ఎందుకంటే రేపు మళ్లీ నీళ్లు మొయ్యాలి.

వీళ్లని 'డొమెస్టీక్' అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం ఇంటి పనివాడు.

తిట్టుగా పుట్టిన మాట

ఈ మాట సైకిల్ రేసుల్లోకి గౌరవంగా రాలేదు. 1911 టూర్‌లో మోరిస్ బ్రొక్కో అనే రైడర్, తనకి గెలిచే ఛాన్స్ పోయిందని, డబ్బు తీసుకుని ఇంకో రైడర్‌కి సాయం చెయ్యడానికి ఒప్పుకున్నాడు. రేసు పెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కి ఒళ్లు మండింది. ఎవడి రేసు వాడే తొక్కాలన్నది ఆయన రూల్. అందుకే బ్రొక్కోని డొమెస్టీక్ అని పత్రికలో తిట్టిపోశాడు. మరుసటి రోజు పిరనీస్ కొండల్లో బ్రొక్కో అందరికంటే ముందొచ్చి స్టేజ్ గెలిచాడు. అయినా రేసు నుంచి తీసేశారు.

అంటే పనివాడు అనిపించుకున్నవాడికి గెలిచే సత్తా లేక కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర ఇదే మాటకి పూర్తిగా వేరే దారి ఉంది. 'దాసుడు' మనకి తిట్టు కాదు, బిరుదు. కంచర్ల గోపన్న రామదాసు అయ్యాడు. కరీంనగర్ నుంచి 35 కిలోమీటర్లు పోతే కొండగట్టు అంజన్న ఉన్నాడు. హనుమాన్ జయంతికి దీక్ష తీసుకున్నవాళ్లు ఎర్ర బట్టల్లో, ఎండలో, రాత్రీ పగలూ నడుచుకుంటూ ఆ కొండకి పోతుంటారు. మనం ఇంతమందిమి మొక్కే ఆ దేవుడు రాజు కాదు. రాజుగారి బంటు. లంకలో తనని తాను పరిచయం చేసుకున్నప్పుడు కూడా రాముడి దాసుడినని గర్వంగానే చెప్పుకున్నాడు. సముద్రం దాటినవాడు, మందు దొరక్కపోతే కొండనే మోసుకొచ్చినవాడు. అతనికి సత్తా లేదని ఎవరైనా అనగలరా?

ఇక్కడిదాకా కథ సాఫీగానే ఉంది. డొమెస్టీక్ అంటే సేవకుడు, సేవ అంటే భక్తి, ఇగో వదిలెయ్యండి, జై హనుమాన్. నిజానికి నా మొదటి స్క్రిప్ట్ ఇంతే. రాసి పక్కన పెట్టేశాను కూడా.

గోడ మీద కూర్చున్న కుర్రాడు

తర్వాత ఒక పాత ఫోటో గుర్తొచ్చింది. 1934 టూర్. ఫ్రాన్స్ జట్టు లీడర్ ఆంతొనాఁ మాన్య్ పసుపు జెర్సీలో ఉన్నాడు. పిరనీస్‌లో ఒక దిగుడులో ఆయన చక్రం విరిగింది. అదే జట్టులో రెనె వియెత్తో అనే 20 ఏళ్ల కుర్రాడు ఉన్నాడు. ఆ ఏడాది కొండలెక్కడంలో అతన్ని మించినవాడు లేడు. అతను ఆగి, తన ముందు చక్రం తీసి ఇచ్చేశాడు. లీడర్ వెళ్లిపోయాడు. వియెత్తో చక్రం లేని సైకిల్ పక్కన పెట్టుకుని, రోడ్డు పక్క గోడ మీద కూర్చుని, సాయం కోసం ఎదురుచూస్తూ ఏడుస్తున్నాడు. ఆ ఫోటో అది.

మరుసటి రోజు మాన్య్ సైకిల్ మళ్లీ పాడైంది. అప్పటికి ముందుకు వెళ్లిపోయిన వియెత్తో వెనక్కి తిరిగి, దిగిన కొండే మళ్లీ ఎక్కి వచ్చి సాయం చేశాడు. మాన్య్ టూర్ గెలిచాడు. వియెత్తోకి ఐదో స్థానం, కొండల బహుమతి వచ్చాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ప్రయత్నించినా అతను టూర్ ఒక్కసారి కూడా గెలవలేదు.

ఆ ఫోటో చూసి ఇది నిష్కామకర్మ అని నేను చెప్పలేను. ఇది దోపిడీ అని కూడా చెప్పలేను. చక్రం ఇచ్చిందీ అతనే, ఏడ్చిందీ అతనే. బయట నుంచి చూస్తే త్యాగం, దోపిడీ రెండూ ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ ఒకడు చక్రం లేకుండా కూర్చుని ఉంటాడు, ఇంకొకడు ముందుకు పోతుంటాడు. మరి తేడా ఎక్కడుంది?

అన్న అడిగిన ప్రశ్న

2023 సెప్టెంబర్ 13న నేను కరీంనగర్‌లో ఇంట్లో ఉన్నా, వర్క్ ఫ్రం హోమ్. రాత్రి వుయెల్టా వస్తోంది. ఆంగ్లిరు అనే కొండ మీద ఫినిష్. సుమారు పన్నెండున్నర కిలోమీటర్ల ఎక్కుడు, కొన్నిచోట్ల వాలు 20 శాతం దాటుతుంది. దాని ముందు కొండగట్టు ఘాట్ రోడ్డు స్పీడ్ బ్రేకర్ లాంటిది.

మా అన్న దుకాణం కట్టేసి వచ్చి, అన్నం తింటూ నా పక్కన కూర్చున్నాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద.

ఎర్ర జెర్సీ, అంటే రేసులో మొదటి స్థానం, సెప్ కుస్ అనే అమెరికన్‌ది. ఆరోజు అతని పుట్టినరోజు కూడా. కుస్ జీవితమంతా డొమెస్టీక్. అదే ఏడాది మే నెలలో ప్రిమోజ్ రోగ్లిచ్ కోసం జిరోలో తొక్కాడు, రోగ్లిచ్ గెలిచాడు. జులైలో యోనాస్ వింగెగో కోసం టూర్‌లో తొక్కాడు, వింగెగో గెలిచాడు. ఇప్పుడు మొదటిసారి తనే ముందున్నాడు. ఆ ఇద్దరు లీడర్లూ ఇదే టీమ్‌లో, ఇదే రేసులో ఉన్నారు.

కొండ నిటారుగా అయింది. రోగ్లిచ్ స్పీడ్ పెంచాడు. వింగెగో అతనితో పోయాడు. కుస్ వెనకపడ్డాడు.

అన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిండు. "గీ ఎర్రంగి పోరడు గూడ ఆల్ల టీమే అంటివి గదరా?"

"అవునన్నా."

"మొన్నటిదాక ఆల్లిద్దరికి ఈడే జేసిండంటివి?"

"అవును."

"మరి గట్ల ఇడిసిపెట్టి పోతున్నరేంది?"

నా దగ్గర జవాబు లేదు. స్ట్రాటజీ అని ఏదో చెప్పబోయాను. అన్న విన్లేదు. "ఈడు అడగడు కావచ్చు," అని చెయ్యి కడుక్కోను పోయిండు.

ఆ రాత్రి కుస్‌కి మిగిలిన ఆధిక్యం 8 సెకన్లు. తర్వాత టీమ్‌లో మాట్లాడుకున్నారు. మరుసటి రోజు నుంచి ఆ ఇద్దరు ఛాంపియన్లూ కుస్‌కి కాపలాగా తొక్కారు. ఆదివారం మాడ్రిడ్‌లో కుస్ వుయెల్టా గెలిచాడు. నీళ్లు మోసినవాడికి నీళ్లు మోసే రోజు వచ్చిందని అందరూ సంతోషపడ్డారు. నేను కూడా.

కానీ అన్న మాట నా లోపల ఉండిపోయింది. ఎందుకంటే మా ఇంట్లో ఎర్ర జెర్సీ నాది.

ఫోన్

గత ఏడాది ఆఫీసులో ఒక పని అయింది. ఎనిమిది నెలలు ఒక సిస్టమ్ మీద కూర్చున్నా. అర్ధరాత్రి అలర్ట్ వస్తే లేచింది నేను. చివర్లో పెద్దవాళ్ల ముందు ప్రజెంట్ చేసింది వేరేవాళ్లు, ప్రమోషన్ వచ్చింది వాళ్లకి. నేను బాధపడితే ఒక సీనియర్ నవ్వుతూ, నువ్వు భక్తి ఛానెల్ నడుపుతావు కదా, ఫలితం ఆశించొద్దని నువ్వే చెప్తావు కదా అన్నారు.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అన్నకి ఫోన్ చేసి అరగంట తిట్టుకున్నా. అన్న విన్నాడు. అన్న ఎప్పుడూ వింటాడు.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాను. అన్న ఇంటర్‌లో నాకంటే మంచి మార్కులు తెచ్చుకున్నాడు. అదే ఏడాది బాపుకి ఆరోగ్యం పాడైంది. అన్న దుకాణంలో కూర్చున్నాడు. నేను స్కూల్‌కి పోయాను, తర్వాత ఇంటర్‌కి, బీటెక్‌కి. నా ఫీజు ఆ కౌంటర్ వెనక నుంచి వచ్చింది. మా ఇంట్లో అందరూ "పెద్దోడు ఎంత త్యాగం చేసిండో" అంటారు. నేను కూడా ఒక వీడియోలో ఆ కథ చెప్పాను, పేరు లేకుండా. మంచి వ్యూస్ వచ్చాయి.

అడిగాను. "అన్నా, అప్పుడు నువ్వు ఇచ్చినవా, నేను గుంజుకున్ననా?"

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇచ్చిన్నో గుంజుకున్నవో నాకెర్కలేదురా. బాపుకు పానం బాగలేకుండె. ఎవలో ఒకలు కూసోవాలె. నన్నెవలు అడగలే."

"అడిగితే వద్దందువా?"

"వద్దనకపోదును. గదే చేద్దును. గని అప్పుడు అది నేను జేసినట్టుండు."

నాకు తెలిసి నిష్కామకర్మ మీద ఇంతకంటే గట్టి మాట నేను ఎక్కడా వినలేదు. పని అదే. ఫలితం అదే. కష్టం కూడా అంతే. కానీ ఎవరూ అడగలేదు కాబట్టి ఆ త్యాగం అతని చేతిలో లేకుండా పోయింది. మనం ఇవ్వని దాన్ని త్యాగం అని పొగడడం అంటే, తీసుకున్నవాళ్లు తమకి తాము రసీదు రాసుకోవడమే.

రథం తోలినవాడు

ఆ ఫోన్ తర్వాత గీతని మళ్లీ తీశాను, ఈసారి శ్లోకాల కోసం కాదు, సీన్ కోసం. ఎవరు, ఎవరికి, ఎక్కడ కూర్చుని చెప్తున్నారు?

చెప్పేది రాజు కాదు, సారథి. గుర్రాల పగ్గాలు పట్టుకున్నవాడు. ఆ యుద్ధంలో రాజ్యం కృష్ణుడికి రాదు, కీర్తి అర్జునుడిది. ద్రోణపర్వంలో, జయద్రథుడి వెంట పడిన రోజు, యుద్ధం మధ్యలో రథం ఆపి గుర్రాలు విప్పుతాడు కృష్ణుడు. అర్జునుడు బాణంతో నీళ్లు తెప్పిస్తే, గుర్రాలకి తాగించి, ఒళ్లు తుడిచి, గుచ్చుకున్న బాణాలు తీసి మళ్లీ కట్టేది ఆయనే. టీమ్ కారు నుంచి సీసాలు మోసుకొచ్చే పనికి దీనికంటే దగ్గరి బొమ్మ మన పురాణాల్లో నాకు దొరకలేదు. ఫలితం ఆశించకు అని చెప్పినవాడు ఫలితం తీసుకునే సీట్లో లేడు. నీళ్లు మోసే సీట్లో ఉన్నాడు.

ఇంకొకటి. అంతా చెప్పాక, 18వ అధ్యాయం చివర్లో, కృష్ణుడు నిర్ణయాన్ని అర్జునుడికే వదిలేస్తాడు. బాగా ఆలోచించుకుని ఏది సరైందనిపిస్తే అది చెయ్యమంటాడు. దేవుడే అడిగాడు. మనం మాత్రం ఇంట్లో పెద్దకొడుకుని, కోడల్ని, టీమ్‌లో జూనియర్‌ని అడగం. వాళ్ల పేరు లిస్టులో వేసేస్తాం, తర్వాత కర్మయోగం క్లాసు చెప్తాం.

రాముడు ఇంకో రకంగా కనిపిస్తాడు. సీత జాడ తెచ్చిన హనుమంతుడికి ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, రాజ్యం లేదు, నగ లేదు. ఆ మాట దాచుకోకుండా చెప్పి, దగ్గరికి తీసుకుని కౌగిలించుకున్నాడు. హనుమంతుడు ఆశించలేదు. అది హనుమంతుడి ధర్మం. రాముడు మర్చిపోలేదు. అది రాముడి ధర్మం. మొదటిది చూపించి రెండోది ఎగ్గొట్టడం కుదరదు. టూర్ గెలిచినవాడికి 5 లక్షల యూరోల బహుమతి వస్తుంది. దాన్ని తను ఉంచుకోకుండా టీమ్ వాళ్లకి పంచడం పాత ఆచారం. ఎవరూ రాయని రూల్, కానీ పాటిస్తారు.

అడిగితే సరిపోతుందా అంటే, అదీ కాదు. కర్ణుడు మనస్ఫూర్తిగానే దుర్యోధనుడి వైపు నిలబడ్డాడు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టీమ్‌లో కూడా విశ్వాసంగా లాగినవాళ్లు ఉన్నారు. 2012లో డోపింగ్ కేసులో అతని 7 టూర్ టైటిళ్లు, 1999 నుంచి 2005 దాకా అన్నీ, పోయాయి. ఒకప్పటి టీమ్‌మేట్లే 11 మంది సాక్ష్యం చెప్పారు. ఎవరికి నీళ్లు మోస్తున్నామో చూసుకునే బాధ్యత మోసేవాడిది కూడా.

గోదావరి నీళ్లు

ఈ ఏడాది పుష్య అమావాస్య జనవరి 18న వచ్చింది. ఆ రాత్రి ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలైంది. మరుసటి రోజే, జనవరి 19న, పుణేలో మన దేశపు మొదటి యూసీఐ 2.2 స్థాయి స్టేజ్ రేసు పుణే గ్రాండ్ టూర్ మొదలైంది. సహ్యాద్రి ఘాట్లలో సుమారు 437 కిలోమీటర్లు. నా ఫోన్‌లో రెండూ పక్కపక్కన చూశాను.

నాగోబా పూజకి నీళ్లు కావాలి. గోండుల్లో మెస్రం వంశం వాళ్లు కేస్లాపూర్ నుంచి చెప్పుల్లేకుండా, తెల్ల బట్టల్లో, అడవి దారుల వెంట, ఊరూరా మజిలీ చేసుకుంటూ జన్నారం దగ్గర హస్తినమడుగు దాకా నడుస్తారు. గోదావరి నీళ్లు ఝరిలో నింపుకుని, మళ్లీ అంత దూరం నడిచి తెస్తారు. కరీంనగర్ నుంచి రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా ఆదిలాబాద్ పోయినవాళ్లకి ఆ కొండలు, ఆ దారి ఎలా ఉంటాయో తెలుసు. బస్సులోనే అలిసిపోతాం.

వాళ్ల సంప్రదాయం వాళ్లది, దాన్ని నా పాయింట్ కోసం వాడుకోవడం నాకు ఇష్టం లేదు. నాకు తట్టింది ఒక్కటే. అక్కడ నీళ్లు మోసేవాళ్లు ఒకరు, నీళ్ల ఫలం పొందేవాళ్లు ఇంకొకరు కాదు. మోసేది వంశమే, మొక్కేది వంశమే. అందుకే అక్కడ ఎవరూ ఎవరికీ కర్మయోగం చెప్పాల్సిన పని లేదు.

మన ఇళ్లలో, ఆఫీసుల్లో అలా ఉండదు. ఒకడు మోస్తాడు, ఇంకొకడు తాగుతాడు. అక్కడ నాకు అర్థమైంది ఇది: ఫలితం ఆశించకు అన్నది నాకు నేను చెప్పుకునే మాట. నా కోసం కష్టపడుతున్నవాళ్లకి నేను చెప్పే మాట కాదు. వాళ్లకి నేను చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. "చేస్తావా?" అని ముందు అడగాలి. "నువ్వే చేశావు" అని తర్వాత నలుగురిలో చెప్పాలి.

నేనేం చేశానంటే, పెద్దగా ఏమీ చెయ్యలేదు. అన్నకి ఆ ఏళ్లు తిరిగి ఇవ్వలేను. ఆ పాత వీడియో మాత్రం తీసేశాను. ఆఫీసులో నా కింద ముగ్గురు ఉన్నారు. ఇంతకుముందు శనివారం డ్యూటీకి నేనే పేర్లు వేసేవాడిని. ఈసారి అడిగాను. ఇద్దరు సరే అన్నారు, ఒకరు కుదరదన్నారు. ఆ శనివారం నేను కూర్చున్నా. పసుపు జెర్సీ వేసుకున్నవాడు కారు దగ్గరికి పోయి సీసాలు తెచ్చుకుంటే రేసేమీ ఆగిపోదు.

ఈ వారం మీరు కూడా ఒక పని చెయ్యండి. మీకు గాలి తగలకుండా ముందు తొక్కుతున్నవాళ్లు ఎవరో చూడండి. అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, మీరు ఊరొదిలి వచ్చాక అక్కడే ఉండిపోయిన తమ్ముడు కావచ్చు. వాళ్ల త్యాగాన్ని పొగడకండి. అడగండి. జవాబు మీకు నచ్చకపోవచ్చు. అయినా వినండి.

వచ్చే వారం వీడియోలో సుందరకాండలో మైనాకుడి ఘట్టం చూద్దాం.

జై హనుమాన్.